తెల్లవారుజామున మనసు పెట్టే పేచీ

రక్తంలో చక్కెర ఎంత ఉంటోందో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చినప్పుడు, ఇది ఇంకా షుగర్ కాదని, 5.7 నుంచి 6.4 వరకు సరిహద్దు దశ అంటారని, రోజూ నడిస్తే అదుపులోకి తెచ్చుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చేసే సూచన. ఉండేది విశాఖ బీచ్ రోడ్డుకు దగ్గరలోనే కాబట్టి చోటుకు కొరత లేదు, కాళ్లకూ నొప్పులు లేవు. ఇబ్బందంతా అలారం మోగిన తర్వాతి ఐదు నిమిషాల్లోనే ఉండేది.

ఆ కాసేపట్లో మనసు మహా తెలివిగా వాదిస్తుంది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదంటుంది, బయట ఉక్కపోతగా ఉందంటుంది, సాయంత్రం వెళ్దాంలే అంటుంది. దేనికదే విడిగా చూస్తే న్యాయంగానే తోస్తుంది. అందుకని నిర్ణయాన్ని రాత్రికే జరిపాను. ‘రేపు నడవాలి’ అనుకోవడానికి బదులు, ‘ముఖం కడుక్కోగానే బూట్లు వేసుకుని సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి రావాలి’ అనుకుని, బూట్లూ మేజోళ్లూ తాళంచెవీ గుమ్మం పక్కనే పెట్టి పడుకునేవాడిని. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత అన్నది ముందే ఖాయం చేసుకుంటే అనుకున్నది జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటారు. ఆ మాట నాకు మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది, ఎందుకంటే ఆ గడువు దాటాక కూడా పక్క వదలడం కష్టంగానే ఉండటంతో లోపం నాదేనేమో అనిపించింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సుమారు 66 రోజులు పడుతుంది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని వారి అంచనా. (ఆ 254 చూసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.) మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ క్రమం పెద్దగా దెబ్బతినదని కూడా వారు గమనించారు.

బద్ధకం కన్నా ప్రమాదకరమైనది, పెళ్లికో పేరంటానికో ఊరెళ్లి వచ్చాక ‘ఎలాగూ తెగిపోయిందిగా, ఒకటో తారీఖు నుంచి మొదలుపెడదాం’ అనే ఆలోచన. ఊరి నుంచి వచ్చిన మర్నాడు మాత్రం పది నిమిషాలైనా సరే నడిచి తీరాలని నియమం పెట్టుకున్నాను. ముసురు పట్టిన రోజుల్లో ఆ పది నిమిషాలు మా అపార్ట్‌మెంటు సెల్లారులోనే గడిచేవి.

హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి, ఇవాళ్టి నడకకు ఫలితం ఇవాళ కనిపించదు. అందువల్ల రోజూ బరువు చూసుకోవడం మానేసి, వంటింటి క్యాలెండరులో నడిచిన తేదీకి టిక్కు పెట్టడంతోనే సరిపెట్టుకున్నాను. ఈమధ్య పరీక్షలో 5.8 వచ్చింది. ఇంకా సరిహద్దులోనే ఉన్నా, మందు అవసరం లేదని, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామని డాక్టరుగారు అన్నారు.