పొంపేయలో ఒక కునుకు

బ్రెజిల్‌లోని సావో పాలోలో నాలుగు రోజులున్నాను. చెప్పుకోవలసింది మాత్రం ఒక్క శనివారం మధ్యాహ్నమే.

ముందు రోజు పౌలిస్టా అవెన్యూలో మాస్ప్ అనే ఆర్ట్ మ్యూజియం చూశాను. 1968లో తెరిచారు. ఆర్కిటెక్ట్ లీనా బో బార్డి ఆ భవనాన్ని నేలకు ఎనిమిది మీటర్ల ఎత్తున నిలిపి, కింద 74 మీటర్ల మేర ఒక్క స్తంభమూ లేకుండా వదిలేశారు. ఫొటోల్లో చూసి అదంతా ఇంజనీరింగ్ ఘనత అనుకునేదాన్ని. ఆ నీడలో నిలబడ్డాక అర్థమైంది: టికెట్టు కొనని వాళ్ల కోసమే అంత చోటు వదిలారని.

శనివారం ఒకటే వాన. తడుస్తూ సెస్క్ పొంపేయ అనే సాంస్కృతిక, క్రీడా కేంద్రానికి చేరాను. అదీ లీనా పనే. ఒకప్పుడు ఇనప డ్రమ్ములు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆవిడ చూడటానికి వెళ్లేసరికే చుట్టుపక్కల జనం పిల్లాపాపలతో ఆ పాత షెడ్లలో సెలవు రోజులు గడుపుతున్నారు. అందుకే కూల్చలేదు. షెడ్లు 1982లో తెరిచారు, వెనకున్న ఆటల టవర్లు 1986లో. ఆ టవర్ల గోడలకు గుహల్లాంటి కంతలు, అద్దాల్లేవు.

పెద్ద హాల్లోకి అడుగుపెట్టాను. నేలలో వంకర్లు తిరిగిన నీటి పాయ, ఓ పక్కన నెగడు. ఎక్కడికి, ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. మంట దగ్గర సోఫాలో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. తడిసిన బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. చేతిలో పేపరు జారి నేల మీద పడింది. కాపలా అతను అటే వస్తుంటే నా గుండె గుబుక్కుమంది, ఇక లేపేస్తాడని. అతను వంగి పేపరు తీసి, మడిచి, బూట్ల పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎనిమిదేళ్ల కిందట నేనొక గ్రంథాలయం డిజైన్ చేశాను. ఎవరూ పడుకోకుండా బెంచీల మధ్య ఇనప కమ్మీలు పెట్టమన్నారు. ఒక్క మాట ఎదురు చెప్పకుండా గీసిచ్చాను. డ్రాయింగు మీద సంతకం నాదే. ఆ కమ్మీల మధ్య దూరం ఈరోజుకీ గుర్తుంది: అరవై సెంటీమీటర్లు.

చూడాల్సిన టవర్లు, వంతెనలు అలాగే ఉండిపోయాయి. సంచిలోంచి టేపు తీసి, ఆయన లేవకుండా, పక్కనే ఖాళీగా ఉన్న సోఫా పొడవు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను.