పులివేట బట్టలు, పక్షుల జాకెట్

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో చాలామంది వెండి కానుకల దగ్గరే ఆగిపోతారు. నేను మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా కోసమే వెళ్లాను. బీరువా అంటే తక్కువ చేసినట్టే. హాలు పొడవునా, రెండంతస్తుల్లో బర్మా టేకు అల్మారాలు. పై అంతస్తుకి చేత్తో నడిపే లిఫ్టు! ఆయనకి పులివేట పిచ్చి. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని చెబుతారు. అదే నిజమైతే ఇక ఉతుకుడు గోలే లేదు.

మా బావకి ఆ గోల ఉంది. పక్షుల ఫోటోల కోసమని, విదేశాల్లో వేటగాళ్లు వేసుకునే రకం మచ్చల జాకెట్ కొన్నాడు. (మన దేశంలో 1972 చట్టంతో వేట ఎలాగూ బందయింది.) రాత్రి మియాపూర్‌లో వాళ్లింట్లో, దొంగనోట్లు కనిపెట్టే ఊదారంగు లైటు నా తెల్లచొక్కా మీద వేశాడు. నీలంగా ధగధగా మెరిసింది. జాకెట్ మీద వేస్తే ఏమీ లేదు.

"సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే మందు అది. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వదులుతుంది. జింక కంటికి నీలం బాగా ఆనుతుంది. అందుకే వేటగాళ్లు ఆ మందూ, సెంటూ లేని సబ్బే వాడతారు. ఆరాక వాసనలు పట్టకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడతారు" అన్నాడు.

పక్షులకి సెంటుతో పెద్దగా పనిలేదు కాబట్టి డబ్బా సంగతి వదిలేశాడట. కంఫర్ట్ లాంటివి మాత్రం చుక్క కూడా పోయనివ్వడు. అవి పోస్తే వాన నీరు జారిపోయేలా జాకెట్‌కి వేసిన పూత పనిచేయదు, చెమట ఆవిరి బయటికి పోదు. మైనం పూసిన కాటన్ జాకెట్ అయితే అసలు మెషీన్‌లో వేయకూడదు, చన్నీళ్లలో ముంచిన స్పాంజితో తుడవడమే.

తెల్లారి అమీన్‌పూర్ చెరువుకి వెళ్లాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు, చుట్టూ అపార్ట్‌మెంట్లే. బావ గట్టు మీద బోర్లా పడుకుని ఫోటోలు తీశాడు. ఆ బురదని తడి మీద రుద్దనివ్వలేదు. ఎండాక బ్రష్‌తో దులిపి, జిప్పులన్నీ వేసి, జాకెట్‌ని తిరగేశాడు.

"పాత సబ్బు పోవడానికి ముందు మెషీన్‌ని ఓసారి ఖాళీగా తిప్పాలి" అన్నాడో లేదో, లోపల్నుంచి అక్క అందుకుంది. "ట్యాంకర్ డబ్బులు ఎవరిస్తారండీ? బకెట్ ఉంది, ఉతుక్కోండి!"

బకెట్‌తోనే ఉతికాడు.