వేటాడకుండానే వేటగాళ్ల లెక్కలో చేరే చెదపురుగు

చెదపురుగు అనగానే అందరికీ తలుపులూ పుస్తకాలూ గుర్తొస్తాయి. ఉష్ణమండల అడవుల్లో మాత్రం చెక్క జోలికి పోకుండా మట్టినే తిని బతికే చెదలు బోలెడు రకాలున్నాయి. కొన్ని రోజులుగా నా బుర్ర వాటి చుట్టూనే తిరుగుతోంది, అదీ వాటిని టైగర్ బీటిల్ అనే వేటాడే పురుగు పక్కన పెట్టి చూసినప్పటి నుంచి.

టైగర్ బీటిల్ ఏం తింటుందో దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది. కొడవళ్లలాంటి దవడలు, ఉబ్బెత్తు కళ్లు, పొడవాటి కాళ్లు. పరిగెత్తుతుంది, టక్కున ఆగుతుంది, మళ్లీ పరిగెత్తుతుంది. ఆ ఆగడం అలసిపోయి కాదు, అంత వేగంలో దాని కళ్లకి వెలుతురు చాలక ఎర కనబడదు, అందుకని ఆగి మళ్లీ వెతుక్కుంటుంది. దొరికాక దవడలతో నలిపి, జీర్ణరసం కలిపి, ఆ రసం పీల్చేస్తుంది. మాంసం అరగడం పెద్ద పనేం కాదు, కష్టమంతా పట్టుకోవడంలోనే.

చెదపురుగుది దీనికి పూర్తిగా ఉల్టా. తిండి కాళ్ల కిందే ఉంది, ఎక్కడికీ పారిపోదు. కానీ అందులో ఒంటికి పట్టేది ఎంత? చాలావరకు ఇసుకా బంకమన్నే, రాలిన ఆకుల్ని సూక్ష్మజీవులు తినగా మిగిలిన కాస్తా ఆ బంకమన్నుకే అతుక్కుని ఉంటుంది. దాన్ని ఊడదీయాలి, ఆ పని చేసేది క్షారం. ఆఫ్రికాలో ఉండే క్యూబిటెర్మిస్ అనే మట్టి తినే చెద పేగులో ఒకచోట పీహెచ్ 12 దాకా వెళ్తుంది, అంటే సున్నపుతేట అంత క్షారం, కొన్ని మిల్లీమీటర్ల ఒంట్లో! మట్టి తినే శ్రామిక చెదపురుగుని దగ్గర నుంచి చూస్తే, పొట్ట మీది పల్చటి చర్మంలోంచి పేగులోని మట్టి నల్లగా బయటికే కనిపిస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది నైట్రోజన్ సంగతి. ఒకదాన్నొకటి తింటూ పోయేకొద్దీ ఒంట్లో నైట్రోజన్-15 (నైట్రోజన్ అణువుల్లో మామూలు వాటికంటే కాస్త బరువైన రకం) వాటా మెట్టు మెట్టుకీ పెరుగుతుంది, మెట్టుకి వెయ్యికి సుమారు 3 వంతుల చొప్పున. కాబట్టి వేటాడే పురుగుల్లో అది ఎక్కువ ఉండటం మామూలే. మట్టి తినే చెదల్లో కూడా వాటికి దీటుగా ఉంటుంది, ఒక్క ప్రాణినీ వేటాడకుండానే! ఆ మట్టిలోని నైట్రోజన్ అప్పటికే ఎన్నో తరాల సూక్ష్మజీవుల ఒంట్లోంచి వచ్చింది, తేలికది పోతూ బరువైనది మిగులుతూ. ఆ అంకె ఒక్కటే చేతికిస్తే ఎవరైనా ఈ చెదపురుగుని బీటిల్ పక్కనే కూర్చోబెడతారు, పొట్టలోని ఆ నల్లటి మట్టిని చూసేదాకా.