గుణదల మెట్ల మీద పెద్దమ్మతో

జనవరి 23న గుణదల కొండ ఎక్కాలంది పెద్దమ్మ. ఫిబ్రవరి 9 నుంచి తిరునాళ్లు కదా, అప్పుడు వెళ్దామన్నాను. "తిరునాళ్ల కోసం కాదురా. స్టెయిన్స్ గారి కోసం" అంది.

మాది గుంటూరులో లూథరన్ కుటుంబం, మేరీమాతని కొలిచే కేథలిక్కులం కాదు. అయినా మేరీమాత కొండకి వెళ్లడం మాకు అలవాటే. కొబ్బరికాయ, కొవ్వొత్తులు పట్టుకుని హిందువులూ వస్తారక్కడికి. బస్సులో వారధి దాటి, బెజవాడలో దిగి, ఆటోలో కొండ కిందికి చేరాం. పెద్దమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అయినా చెప్పులు కిందే వదిలేసి, నన్నూ వదలమంది. యేసు సిలువ మోసిన ఘట్టాల్ని చూపే సిలువ మార్గంలో ఒక్కో స్థలం దగ్గరా ఆగి, ప్రార్థన చేసుకుని, ఊపిరి తీసుకుని మళ్లీ కదిలేది.

గ్రాహం స్టెయిన్స్ ఆస్ట్రేలియా నుంచి 1965లో ఒడిశాలోని బారిపదకి వచ్చి కుష్ఠు రోగుల మధ్యే ఉండిపోయాడు. 1999 జనవరి 22 రాత్రి తెల్లారేలోపు, మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతున్న ఆయన్నీ, చిన్నపిల్లలు ఫిలిప్, తిమోతిలనీ సజీవంగా తగలబెట్టారు. అందరికీ గుర్తున్నది ఆ ఒక్క రాత్రే. నాకూ అంతే. పెద్దమ్మ మాత్రం దానికి ముందు గడిచిన 34 ఏళ్ల గురించే మాట్లాడింది.

ఆమె కుష్ఠు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. "ఆ జబ్బులో పాదాలకి స్పర్శ పోతుందిరా. మేకు దిగినా, నిప్పు తగిలినా తెలీదు. రోజూ నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వేళ్ల సందులు కూడా వెతకాలి. నిన్న చూశాం కదా అని ఇవాళ మానడానికి లేదు. పుండ్ల వాసనకి మొదట్లో నాకు వారం రోజులు అన్నం సయించలేదు. ఆయన ఆ మనుషుల్నే తన వాళ్లనుకున్నాడు" అంది.

భార్య గ్లాడిస్ ఆ హంతకుల్ని క్షమించానని చెప్పి, 2004 దాకా ఆ రోగులతోనే ఉంది. ఇది చెబుతుంటే పెద్దమ్మ గొంతు పూడుకుపోయింది. నేనైతే క్షమించగలనా? మాత గుహ ముందు చాలాసేపు నిలబడ్డాను. నాలోంచి అవునన్న మాట రాలేదు. పెద్దమ్మ మూడు కొవ్వొత్తులు వెలిగించింది.

దిగేటప్పుడు నా అరికాల్లో రాయి గుచ్చుకుంది. కింద మెట్టు మీద కూర్చోబెట్టి, నా పాదం ఒళ్లో పెట్టుకుని, వేలితో తడిమి చూసింది.

"నొప్పి తెలుస్తోందా?"

"తెలుస్తోంది పెద్దమ్మా."

"స్తోత్రం. చెప్పులేసుకో, బస్సుకి టైమైంది."