మగబీరా, ఆడబీరా? గువ్వలచెరువు కనుమ నుంచి నా మొక్కల పుస్తకం

ఆగస్టు, రెండో ఆదివారం

కడప నుంచి రాయచోటి వెళ్ళే దారిలో గువ్వలచెరువు కనుమ ఎక్కుతున్నాను. రోడ్డు కోసం కొండను చెక్కిన చోట, రాళ్ళ సందులోంచి నడుమెత్తు పొద ఒకటి లేచి ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో బూడిద చల్లినట్టుంది. బండి పక్కకు ఆపి ఒక ఆకు నలిపి చూశాను. ఘాటు ముక్కుకెక్కింది. తులసి కాదు, పుదీనా కాదు, కర్పూరానికి చేదు కలిపినట్టు ఉంది. చేతులు కడుక్కున్నా సాయంత్రం దాకా పోలేదు.

కాండాన్ని రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తే నాలుగు అంచులు తగిలాయి. ప్రతి కణుపు దగ్గరా రెండేసి ఆకులు ఎదురెదురుగా, పై జత కింది జతకు అడ్డంగా ఉన్నాయి. పుదీనా, తులసి, తుమ్మి ఉన్న కుటుంబానికి ఇవే గుర్తులు. ఇప్పటి పుస్తకాల్లో ఆ కుటుంబం పేరు లామియేసి, పాత పుస్తకాల్లో లేబియేటే. పూవుకు పెదవులుంటాయి కనుక ఆ పాత పేరు.

పూలు లేవు. ఆకు పొడవు 7 సెంటీమీటర్లు, వెడల్పు 2. మందంగా, రెండు వైపులా మెత్తటి నూగు, అంచున చిన్న పళ్ళు. ఇంతే రాసుకుని వచ్చేశాను.

మరుసటి ఆదివారం

వారమంతా ఆ పొద పుదీనా కుటుంబానిదే అనుకుంటూ గడిపాను. ఈరోజు అదే మలుపులో, పది అడుగుల అవతల లాంటానా అనే పొద కనిపించగానే నమ్మకం సడలింది. దాని కాండమూ నాలుగు పలకలే. ఆకులు ఎదురెదురే. నలిపితే వాసనా ఉంది. అయినా అది వెర్బినేసి కుటుంబం. ఇక అడ్డసరం, ముళ్ళగోరింట ఉన్న అకాంథేసి కుటుంబంలో ఎదురెదురు ఆకులతోపాటు రెండు పెదవుల పూలు కూడా ఉంటాయి. కొత్తగా మొక్కలు చూడడం మొదలుపెట్టినవారు తడబడేది ఇక్కడే అని నా అనుభవం. పలకల కాండం చూసి కుటుంబం తేల్చేయకూడదు.

తేల్చేది కాయ. లాంటానాకు పండితే నల్లబడే కండగల చిన్న పండ్లుంటాయి. అకాంథేసి కాయ ఎండి రెండుగా పగిలి గింజలను దూరంగా విసురుతుంది. పుదీనా, తులసి లాంటి లామియేసి మొక్కల్లో అయితే ఎండిన పుష్పకోశం, అంటే రక్షక పత్రాల గిన్నె, అడుగున నాలుగు చిన్న గింజల్లాంటివి పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. కిందటేడాది ఎండుపుల్ల ఒకటి పొదలోనే దొరికింది. గిన్నెను అరచేతిలో దులిపితే నాలుగు రాలాయి. నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. అప్పుడు కుటుంబం పేరు పుస్తకంలో సిరాతో రాశాను. అంతవరకు పెన్సిలే.

సెప్టెంబరు

ఫోనులో మొక్కలను గుర్తించే అప్లికేషనుకు మూడు ఫోటోలు చూపించాను. నెపెటా అన్నది. అది పిల్లులు ఇష్టపడే ఒక చలిదేశపు మొక్క ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. కడప ఎండకు కాగే రాళ్ళ మీద అదెలా వస్తుందని పక్కన పెట్టేశాను. ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

అదే రోజు గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన నా తంటా చూసి ఆగారు. "పెద్దయ్యా, దీన్ని ఏమంటారు?" అని అడిగాను. "మగబీర సారూ. జ్వరమొస్తే ఆవిరి పడతాం. గొర్రెలు మాత్రం మూతి పెట్టవు" అన్నారు. ఆడబీర కూడా ఉంటుందా అని అడిగితే, ఉంటుందనీ, నీడలో, వంక పక్కన చూడమనీ చెప్పారు. ఒక్క మాటలో రెండు మొక్కల చిరునామా దొరికింది.

ఊరి పేరు దొరికితే పని అయిపోలేదు. ఒకే పేరుతో రెండు మొక్కలు, ఒకే మొక్కకు నాలుగు పేర్లు మన దగ్గర మామూలే. అందుకే ఈ కొండల్లో కనిపించే దగ్గరి చుట్టాలను ఒక్కొక్కటిగా కొట్టివేశాను. తుమ్మి పుష్పకోశానికి అయిదు కంటే ఎక్కువ పళ్ళుంటాయి, నా ఎండుపుల్లలోని గిన్నెకు సరిగ్గా అయిదు. తులసి జాతుల్లో గిన్నె పై పన్ను ఒక్కటే వెడల్పుగా టోపీలా ఉంటుంది, ఇక్కడ అయిదూ సన్నగా, ఒకేలా ఉన్నాయి. రణభేరి అయితే ముళ్ళ బంతులు, నారింజ పూలు, దానితో పొరపాటు పడే అవకాశమే లేదు. ఎక్కువ సేపు పట్టింది సీమతులసితో. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చి రోడ్ల పక్కన అల్లుకుపోయిన ఘాటు మొక్క అది. దాని గింజలు నీళ్ళలో వేస్తే సబ్జాలా జిగురు పట్టి ఉబ్బుతాయి. నావి గ్లాసులో రాత్రంతా ఉంచినా అలాగే ఉన్నాయి.

అక్టోబరు చివర

ఈశాన్య రుతుపవనాల వానలు రెండు పడ్డాయి. పొద నిండా పూలు! లేత ఊదా రంగు, ఒకటిన్నర సెంటీమీటరు పొడవు. పై పెదవి చిన్నది, కింది పెదవి వెడల్పుగా, వేలాడే నాలుకలా ఉంది. కేసరాలు నాలుగూ పూవు బయటికి చొచ్చుకొచ్చాయి. పదింతలు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో చూస్తే, కేసరాల చివర పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, ఒక జతలో ఒకలా, రెండో జతలో ఇంకోలా ఉన్నాయి. రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చుని ఆ ఒక్క పూవును ఎంతసేపు చూశానో తెలియదు.

ఆ అసమానతే ఈ మొక్క ప్రజాతికి పేరయింది. అనైసోమెలిస్ అనే గ్రీకు మాటకు సమానం కాని అవయవాలు కలది అని అర్థం. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ 1810లో ఆ ప్రజాతిని వేరుచేశాడు. అంతకుముందు, మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన పేరు నెపెటా మలబారికా! ఫోను చెప్పిన ఆ నెపెటానే. పూవు లోపల చూడకుండా ఆకు, కంకి మాత్రం చూస్తే అటు వెళ్ళడం సహజమని ఇప్పుడు అనిపిస్తోంది. ఇప్పటి పేరు అనైసోమెలిస్ మలబారికా.

పుస్తకం కావలసినవారికి ఒక మాట. రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, గాంబుల్ మొదలుపెట్టగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం మన కొండలకూ పనికొస్తుంది. స్కాన్ ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భాష పాతది, పేర్లు కొన్ని మారాయి, వర్ణనలు మాత్రం గట్టివి.

నవంబరు

కనుమలో మొక్క కొయ్యలేదు. అది ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు, పెట్టాలని కూడా నాకు లేదు. రోడ్డు అంచు నుంచి ఫోటోలతో సరిపెట్టుకున్నాను. నమూనా కోసం కొండ దిగువన మిత్రుడి మామిడితోట గట్టు మీద ఇదే మొక్క కనిపిస్తే, అడిగి ఒక కొమ్మ తెచ్చుకున్నాను.

ఆరబెట్టడంలో మొదటి ప్రయత్నం చెడింది. కాగితాలు మార్చకపోవడంతో మూడో రోజుకు ఆకులు నల్లబడి బూజు పట్టాయి. రెండోసారి పాత వార్తాపత్రికల మధ్య పరిచి, ఒక ఆకును వెనక్కి తిప్పి, పైనా కిందా ప్లైవుడ్ చెక్కలు పెట్టి, బరువుకు నాలుగు ఇటుకలు ఉంచాను. మొదటి అయిదు రోజులు రోజూ ఉదయం పొడి కాగితాలు మార్చాను. పది రోజులకు కొమ్మ పుల్లలా విరిగేంత ఎండింది. తర్వాత పురుగు పట్టకుండా ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచాను. హెర్బేరియాల్లో, అంటే ఎండిన మొక్కల నమూనాలు దాచే చోట్ల, పురుగు పట్టకుండా వాడే మెర్క్యురిక్ క్లోరైడ్ విషం, ఇంట్లోకి అసలు రానివ్వకూడదు. పూల ఊదా రంగు ఎండాక గోధుమ రంగయింది. కోసిన రోజే రంగు రాసిపెట్టుకోవడం మంచిదైంది.

డిసెంబరు

ఆడబీర దొరికింది. పెద్దాయన చెప్పినట్టే మామిడితోట పక్క వంకలో, చెట్ల నీడన. రెండు కొమ్మలు బల్ల మీద పక్కపక్కన పెట్టాక ఇక సందేహం లేదు. ఆడబీర ఆకు వెడల్పు, కోడిగుడ్డు ఆకారం, పలుచన, కాడ పొడుగు. మగబీర ఆకు సన్నని బల్లెం, మందం, దుప్పటి లాంటి నూగు, కాడ పొట్టి. పుష్పకోశం కూడా మగబీరదే పెద్దది. నేను కొలిచినవాటిలో 9 మిల్లీమీటర్లుంటే, ఆడబీరది 6 దాటలేదు. ఆడబీర శాస్త్రీయ నామం అనైసోమెలిస్ ఇండికా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మగ, ఆడ అని పేర్లు పెట్టినవారు ఎవరో గానీ, అవి ఒకే ప్రజాతివని భూతద్దం లేకుండానే పట్టుకున్నారు. వారి మీద నాకు చాలా గౌరవం కలిగింది.

తమిళంలో మగబీరను పేయ్‌మిరట్టి, అంటే దెయ్యాన్ని బెదిరించేది అంటారు. పచ్చి ఆకునే వత్తిగా వాడి దీపం పెడతారని తెలిసి, నేనూ ఒక ఆకు మెలిపెట్టి నూనెలో ముంచి వెలిగించాను. పచ్చి ఆకు వత్తిలా నిలిచి వెలిగింది. ఆవిరి, కషాయం సంగతి మాత్రం నేను ప్రయత్నించలేదు. మొక్కను గుర్తుపట్టడం వేరు, మందుగా మోతాదు తెలియడం వేరు.

జనవరి

42 సెంటీమీటర్ల పొడవు, 29 వెడల్పు గల దళసరి కాగితానికి కొమ్మను తెల్లదారంతో కుట్టాను. కుడివైపు కింద మూలన చీటీ అంటించాను. మగబీర, అనైసోమెలిస్ మలబారికా, లామియేసి. పాలకొండల దిగువన, గువ్వలచెరువు కనుమకు రాయచోటి వైపు, మామిడితోట గట్టు, ఎర్ర గరప నేల. పొద, 1.2 మీటర్లు, పూలు లేత ఊదా, ఘాటైన వాసన. ఊరి పేరు చెప్పినవారు: గొర్రెల కాపరి.

ఆడబీర కొమ్మ ఇంకా ఇటుకల కిందే ఉంది. రేపు ఉదయం కాగితాలు మార్చాలి.