లైబ్రరీ బోర్డు డైరీ: సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా

మా స్కూలు లైబ్రరీ తలుపు పక్కన ఒక సాఫ్ట్ బోర్డు ఉంది. 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. నేను చెప్పేది సైన్సు పాఠాలే అయినా, రెండేళ్ల కిందట ఆ బోర్డు పని అడిగి మరీ తీసుకున్నాను. శనివారం సాయంత్రాలు దానికే పోతున్నాయి, ఇష్టంగానే. ఈ ఏడాది ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఏం చేశానో, ఏం సామాను పట్టిందో రాసుకుంటూ వచ్చాను. బోర్డు కింద బల్ల మీద ప్రతిసారీ 12 పుస్తకాలు పెడతాను. వాటిలో ఎన్ని పిల్లల ఇళ్లకు వెళ్లాయో కూడా రాసుకున్నాను. నాకు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క అదే. "బాగుంది టీచర్" అని పిల్లలు క్లాసుకి వెళ్లిపోతే నాకు తృప్తి ఉండదు. పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లాలి.

ఆగస్టు చివరి వారం

ముందుగా బోర్డు వెనక పరిచే గుడ్డ. నిరుడు చార్ట్ పేపర్లు అతికించాను. అతుకులు కనిపించాయి, పిన్నులు గుచ్చిన చోటల్లా చిల్లులు పడ్డాయి. కిటికీ ఎండ తగిలే ఎడమ వైపు, ఎరుపు, గులాబీ రంగులు నెల తిరక్కుండానే వెలిసిపోయాయి. ఈసారి ముదురు నీలం కాటన్ గుడ్డ తీసుకున్నాను. నాలుగు వైపులా ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉంచాలి, అంచు వెనక్కి మడవడానికి. ఇస్త్రీ చేశాకే బిగించాలి. పై అంచు మధ్యలో మొదటి పిన్ను కొట్టి, అక్కణ్ణుంచి రెండు పక్కలకూ లాగుతూ పోతే ముడతలు రావు. ఒక మూల నుంచి మొదలుపెడితే అవతలి మూలకి చేరేసరికి గుడ్డ కచ్చితంగా వంకరపోతుంది.

గుడ్డలో పిన్ను తీసేస్తే చిల్లు దానంతట అదే మూసుకుపోతుంది. ఏడాదంతా ఒకే గుడ్డతో నడిచింది. స్టేప్లర్ని పూర్తిగా విప్పి, కాస్త ఏటవాలుగా పట్టి కొడితే పిన్ను సగం బయటే ఉంటుంది, తీసేటప్పుడు చార్ట్ చిరగదు.

సెప్టెంబరు 8: అక్షరాస్యతా దినోత్సవం

యునెస్కో 1966లో ప్రకటించిన రోజు ఇది, 1967 నుంచి జరుపుతున్నారు. బోర్డు మీద రాసింది "చదవడం వచ్చిన రోజు" అనే మాట ఒక్కటే. చుట్టూ పిల్లలు తాము మొదట చదివిన మాటను చీటీల మీద రాసి పెట్టారు.

ఎక్కువ సమయం పట్టింది అక్షరాలు కత్తిరించడానికే. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులు రాసేవాళ్ల లెక్క ఒకటుంది. మా వరండా అవతలి చివర 30 అడుగులు. ఆ లెక్కన 3 అంగుళాలు సరిపోవాలి. కానీ తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. మొత్తం 3 అంగుళాల్లో ఇరికిస్తే అసలు అక్షరం చిన్నదైపోతుంది. అందుకే అక్షరానికి 4 అంగుళాలు, వత్తుకి కింద ఇంకో 2 అంగుళాలు వదిలాను. రెండు వరసల మధ్య ఆ ఖాళీ లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో చిక్కుకుంటుంది.

రెండో ఇబ్బంది తలకట్టు. ప, స, హ లాంటి వాటికి తలకట్టు విడిగా ఉంటుంది, కత్తిరిస్తే చేతిలోకి ఊడి వస్తుంది. "పుస్తకం" అన్న మాట విడదీసి చూడండి. పు రెండు ముక్కలు, స్త మూడు ముక్కలు, క ఒకటి, సున్న ఒకటి. మొత్తం ఏడు. ఏడింటినీ బోర్డు మీద నిలబడి వరసలో అతికించడం నా వల్ల కాలేదు. తలకట్లు పక్కకి జరిగి మాట తాగినట్టు కనిపించింది. అప్పుడు పద్ధతి మార్చాను. ముక్కల్ని బల్ల మీదే తెల్ల చార్ట్ మీద అతికించి, చుట్టూ సెంటీమీటరు అంచు వదిలి, మాట మొత్తాన్ని ఒకే రేకులా కత్తిరించాను. తెల్ల అంచు వల్ల నీలం గుడ్డ మీద అక్షరం బాగా లేచి కనిపించింది కూడా. ఇప్పుడు అన్ని మాటలూ ఇలాగే చేస్తున్నాను. సరళ రేఖ కోసం రెండు చివరలా పిన్నులు గుచ్చి దారం కడతాను, అతికించాక తీసేస్తాను.

బల్ల మీద 12 పుస్తకాల్లో 2 వెళ్లాయి. బోర్డుకీ బల్లకీ సంబంధం ఏమిటో పిల్లలకి అర్థం కాలేదని నాకు అనిపించింది.

అక్టోబరు 4 నుంచి 10: అంతరిక్ష వారం

ఈ ఏడాది నాకు బాగా నచ్చిన బోర్డు ఇదే. వారం తేదీలకి కారణం ఉంది: 1957 అక్టోబరు 4న స్పుత్నిక్-1 ఎగిరింది, 1967 అక్టోబరు 10న, అంతరిక్షాన్ని దేశాలు ఎలా వాడుకోవాలో చెప్పే అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది. రాకెట్లు, నక్షత్రాలు అతికించే బదులు స్పుత్నిక్‌ని ఉన్న కొలతకే చేద్దామనుకున్నాను. దాని గోళం వ్యాసం 58 సెంటీమీటర్లు. అంటే మా బోర్డు ఎత్తులో సగం కూడా లేదు! మనిషి అంతరిక్షంలోకి పంపిన మొదటి ఉపగ్రహం బోర్డు మీద పట్టేస్తుందంటే పిల్లలు మొదట నమ్మలేదు.

వృత్తం గీయడానికి దారం వాడకండి, సాగుతుంది. నేను అట్టపట్టీకి 29 సెంటీమీటర్ల దూరంలో రెండు చిల్లులు పెట్టి, ఒకదాంట్లో పిన్ను, ఇంకోదాంట్లో పెన్సిల్ పెట్టి తిప్పాను. పాత అట్టపెట్టె రెండు పొరలు, పైన అల్యూమినియం రేకు. రేకుని ముందు ఉండలా నలిపి మళ్లీ సాపు చేసి అతికిస్తే ట్యూబ్‌లైటు వెలుగు కళ్లలో కొట్టదు. నాలుగు యాంటెనాలు, రెండు 2.4 మీటర్లు, రెండు 2.9 మీటర్లు. బోర్డు వెడల్పు 2.4 మీటర్లే కాబట్టి వెండి రంగు దారాలు బోర్డు దాటి గోడ మీదికి వెళ్లాయి. పిల్లలు వాటి కింద చేతులు చాపి నిలబడి, ఎంతమంది పడతారో కొలుచుకున్నారు. బోర్డు దాటి పోయిన ఆ దారమే అందరినీ ఆపింది.

సెప్టెంబరు పొరపాటు మళ్లీ జరగకుండా బోర్డు మీద ప్రశ్నలు మాత్రమే పెట్టాను. "ఇది భూమిని ఒకసారి చుట్టడానికి ఎంతసేపు పట్టేది?" "బరువెంత?" జవాబులు బల్ల మీది పుస్తకాల్లో ఉన్నాయి. ప్రశ్న కిందే పుస్తకం పేరు, అరలో దాని నంబరు. ఖగోళానికి మా అరల్లో 520. 96 నిమిషాలు, 83.6 కిలోలు అని వెతికి పట్టుకున్న పిల్లలు చీటీ రాసి ప్రశ్న పక్కన గుచ్చారు. 12లో 9 పుస్తకాలు వెళ్లాయి. అరలోంచి ఇంకో నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది.

వారం అయ్యాక గోళాన్ని పారేయబుద్ధి కాలేదు. పసుపు కాగితం అతికించి సూర్యుణ్ణి చేశాను. 58 సెంటీమీటర్ల సూర్యుడికి భూమి 5 మిల్లీమీటర్ల పూస. దూరం దాదాపు 62 మీటర్లు. పూసని వరండా దాటి, మెట్లు దిగి, గేటు దగ్గరి గోడకి అతికించాం. ఒక అబ్బాయి రెండు రోజులు అక్కడే నిలబడి, వచ్చినవాళ్లందరికీ "ఇది మనం" అని చూపించాడు.

నవంబరు, డిసెంబరుల్లో కొత్తగా వచ్చిన పుస్తకాల అట్టలు పెట్టడం తప్ప ఏమీ చేయలేదు.

జనవరి 4: బ్రెయిలీ దినోత్సవం

చూపు లేనివాళ్లు వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిలీ 1809లో పుట్టిన రోజు. ఐక్యరాజ్య సమితి తరఫున 2019 నుంచి జరుపుతున్నారు. ఒక గడిలో ఆరు చుక్కలు, రెండు నిలువు వరసల్లో మూడేసి. అవి లేచి ఉండటం, లేకపోవడంతో 64 రూపాలు వస్తాయి, ఖాళీ గడిని కూడా కలిపితే.

చుక్కలు తడిమేలా ఉండాలి. దళసరి కాగితం కింద ఫోమ్ షీటు పరిచి, ఇంకు అయిపోయిన బాల్ పెన్ను మొనతో నొక్కాను. బ్రెయిలీ చదవడం వచ్చిన ఒక టీచర్ని పిలిచి చూపించాను. ఆవిడ వేలితో తడిమి, "అమ్మా, ఇది డి అని రాశారా? నాకు ఎఫ్ అని తగులుతోంది" అన్నారు. అప్పుడు అర్థమైంది. మనం నొక్కిన చుక్క అవతలి వైపు లేస్తుంది, కాగితం తిప్పితే కుడి ఎడమలు మారతాయి. ఇంగ్లీషు డి తిరగబడితే ఎఫ్, ఈ తిరగబడితే ఐ. అందుకే నొక్కి రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి, అక్షరాన్ని కూడా తిప్పి రాయాలి. పాతిక చీటీలు మళ్లీ చేశాను. ఆ సాయంత్రం కాస్త టెన్షన్ పడ్డాను గానీ, తప్పు అక్షరాలు గోడకెక్కకుండా ఆపినందుకు ఆవిడకి ఎంతో రుణపడి ఉన్నాను.

ఆవిడే ఇంకో మాట చెప్పారు. నిలువు బోర్డు మీద, భుజం కంటే ఎత్తులో వేళ్లతో చదవడం చాలా కష్టమట. చీటీలన్నీ బోర్డు మీంచి తీసి, బల్ల మీద ఏటవాలుగా పెట్టిన అట్ట మీదికి మార్చాను. బోర్డు మీద ఆ చుక్కల బొమ్మలు మాత్రం పెద్దవిగా ఉంచాను, ఒక వైపు చదునుగా ఉండే సగం ముత్యాలు అతికించి. చేతులు తగిలే చోట డ్రాయింగ్ పిన్నులు అసలు వాడకూడదు. అక్కడ డబుల్ టేపే.

పిల్లలు తమ పేరులో మొదటి అక్షరం కళ్లు మూసుకుని వెతుక్కున్నారు. పుస్తకాలు 7 వెళ్లాయి.

ఫిబ్రవరి 21: మాతృభాషా దినోత్సవం

1952లో ఢాకాలో బంగ్లా భాష కోసం ప్రాణాలిచ్చిన విద్యార్థుల జ్ఞాపకంగా వచ్చిన రోజు. 1999లో యునెస్కో ప్రకటించింది, 2000 నుంచి జరుపుతున్నారు. "పుస్తకం" అన్న మాటని ఎవరింటి భాషలో వాళ్లని రాసుకు రమ్మన్నాను. ప్రింటు తీసినవి వద్దన్నాను. కుడి నుంచి ఎడమకి రాసే లిపులు కొన్ని కంప్యూటర్లలో అక్షరాలు విడిపోయి, వరస తారుమారై అచ్చవుతాయి. అమ్మో తాతయ్యో చేత్తో రాసిస్తే ఆ గొడవ లేదు, పైగా ఆ చేతిరాత ఎంత అందంగా ఉంటుందో.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. నాకు చదవడం రాని లిపిలో ఉన్న ఒక చీటీని తలకిందులుగా గుచ్చాను. ఆ పాప రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు స్టూలు తెచ్చుకుని తనే తిప్పుకుంటుంటే చూశాను. చాలా బాధేసింది. దగ్గరికి వెళ్లి, ఆ మాట ఎలా పలకాలో నేర్పమని అడిగాను. ఇప్పుడు ప్రతి చీటీ వెనక పై వైపుకి ఒక బాణం గుర్తు పిల్లల చేతే వేయిస్తున్నాను. మీరూ చేయించండి.

మార్చి 14

గణిత దినోత్సవం. పై (π, 3.14159...) విలువతో కాగితం గొలుసు, అంకెకో రంగు, పది రంగులు. మధ్యలో ఒక లంకె తప్పితే తర్వాతివన్నీ జరిగిపోతాయి కాబట్టి, ప్రతి పదో లంకె లోపలి వైపు పెన్సిల్‌తో దాని నంబరు రాయండి.

ఏప్రిల్ 2, ఏప్రిల్ 23

పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1805లో పుట్టిన ఏప్రిల్ 2 పిల్లల పుస్తకాల రోజు, 1967 నుంచి. యునెస్కో 1995లో ప్రకటించిన పుస్తక దినోత్సవం 23న. మూడు వారాల్లో రెండు బోర్డులు చేసే ఓపిక లేక ఒకే బోర్డు చేశాను, 2న మొదలై 23కి నిండేలా.

అడ్డంగా మూడు అరలు గీశాను, గోధుమరంగు కాగితం పట్టీలతో. పైన శీర్షికకి 25 సెంటీమీటర్లు వదిలి, ఒక్కో అర 30 సెంటీమీటర్లు. పుస్తకం వెన్నులా 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కత్తిరించాను, అరకి 46 చొప్పున 138. చదివిన పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఒక వాక్యం రాసి పిల్లలే అరలో నిలబెట్టాలి. ఎత్తు ఒకటే ఉంటే కంచెలా కనిపించింది. 20 నుంచి 27 సెంటీమీటర్ల మధ్య కలగలిపితే నిజం అరలా వచ్చింది. చిన్న పిల్లలకి అందేలా కింది అర ఖాళీగా ఉంచమని పెద్ద క్లాసుల వాళ్లకి ముందే చెప్పాను.

మొదటి వారం 19 వెన్నులే. వెన్ను మీద ఏ వాక్యం రాయాలో తెలియక చాలామంది "చాలా బాగుంది" అని రాశారు. రెండో వారం నేనొక వెన్ను రాసి పెట్టాను, "ఇందులో కుక్క చచ్చిపోతుందేమోనని భయపడ్డాను, పోలేదు" అని. ఆ తర్వాత వాక్యాలు మారాయి. తమ స్నేహితురాలి వెన్ను చదివి అదే పుస్తకం అడగడానికి వచ్చిన పిల్లలున్నారు. 12 పుస్తకాలూ వెళ్లాయి, బల్లని మూడుసార్లు మళ్లీ నింపాను. 23 సాయంత్రానికి 131 వెన్నులు నిండాయి.

నిన్న అంతా విప్పాను. గుడ్డ ఉతికి ఆరేశాను. అక్షరాల రేకుల్ని మాటల వారీగా పాత క్యాలెండర్ల మధ్య చదునుగా పెట్టి, కట్ట మీద తేదీ రాశాను. వెన్నులు మాత్రం దాచలేదు. ఏ పుస్తకం గురించి రాశారో ఆ పుస్తకంలోనే గుర్తు కాగితాల్లా పెట్టేశాను, తర్వాత తీసుకునేవాళ్లకి దొరికేలా. ఏ పుస్తకానికీ దొరకనివి నాలుగు మిగిలాయి. ఆ పుస్తకాలు ఇంకా ఎవరింట్లోనో ఉన్నాయి.