అక్కడ ఎవరున్నారు?

అరకులో రైలు ఒక్కసారిగా ఖాళీ అయింది. విశాఖ నుంచి సొరంగం వచ్చిన ప్రతిసారీ గోల పెట్టిన పిల్లలు, వాళ్ళను కసురుతూనే ఫొటోలు తీసిన తల్లిదండ్రులు, పులిహోర డబ్బాలు, చాపలు, క్రికెట్ బ్యాట్లు అన్నీ ఐదు నిమిషాల్లో దిగిపోయాయి. మా బోగీలో పదిమందిమి మిగిలాం. ఎదుటి సీటులోని పెద్దాయన నా వంక కంగారుగా చూసి, "అమ్మా, అరకు వచ్చేసింది, దిగరా?" అన్నాడు. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వెళ్తున్నానని చెప్పాను. ఆయన వెంటనే అడిగాడు.

"అక్కడ ఎవరున్నారు?"

ముప్పై మూడేళ్ళుగా ఈ ప్రశ్న వింటున్నాను. మనవాళ్ళకు ఊరంటే అక్కడున్న బంధువు, లేకపోతే గుడి, అదీ కాకపోతే ఆసుపత్రి. ఈ మూడింటిలో ఏదీ లేకుండా ఒక ఆడది సంచి భుజాన వేసుకుని బయలుదేరిందంటే ఏదో దాస్తోందనే అనుకుంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు నాన్న చెప్పే జవాబే చెప్తున్నాను. "ఎవరూ లేరండీ, ఊరుంది."

నాన్న ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైళ్ళలో టపా వేరుచేసే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరు. విజయవాడ 'వై' డివిజన్. రాత్రంతా పరుగెత్తే మెయిల్ బోగీలో నిలబడి, గోడకున్న గూళ్ళలోకి ఉత్తరాలు విసరడం ఆయన ఉద్యోగం. పైన చిరునామా చదవడం, గూడు చూడకుండానే చెయ్యి విసరడం. ఊళ్ళ పేర్లు ఆయనకు వరుసగా పాఠంలా వచ్చేవి. మా ఇంట్లో అన్నం తినిపించడానికి కథలు చెప్పలేదు, స్టేషన్ల పేర్లు చెప్పారు. పిన్‌కోడ్ అంటే ఆయనకు ప్రాణం. 1972 ఆగస్టు 15న అది వచ్చేదాకా పది కొత్తపేటల్లో ఏ కొత్తపేటో తెలియక ఎంత యాతన పడ్డారో ఇప్పటికీ చెప్తాడు. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ పేరు తలుచుకునేటప్పుడు "గారు" చేర్చకుండా ఉండడు.

ఇంత భూగోళం చేతిలో ఆడిన మనిషికి ఆ ఊళ్ళేవీ తెలియవు. డ్యూటీ రాత్రి, బోగీ కిటికీలు చిన్నవి, స్టేషన్ వస్తే సంచులు దించడం, సంచులు ఎక్కించడం. తెల్లవారి రెస్ట్ హౌస్‌లో నిద్ర, మళ్ళీ రాత్రి తిరుగు బండి. ఇరవై ఏళ్ళు రాజమండ్రి మీదుగా తిరిగి గోదావరిని పగటి వెలుతురులో సరిగ్గా చూసింది లేదు.

1984లో నాకు పదకొండేళ్ళు. సెలవు పెట్టి నన్నూ అమ్మనూ అరకు తీసుకెళ్ళాడు. ఈ బండే. అందరితోపాటు మేమూ దిగాం. అమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని గేటు దాకా వెళ్ళిపోయింది. నాన్న మాత్రం నా చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద అలాగే నిలబడ్డాడు. బండి కదిలి ఆఖరి బోగీ మలుపు తిరిగేదాకా చూశాడు. "ఇప్పుడు గోరాపూర్, తర్వాత దర్లిపుట్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్..." అని మెల్లగా చదువుతున్నాడు. "అన్నీ నా చేతి మీదుగా సంచుల్లో పడ్డ ఊళ్ళే. నువ్వు చూసిరా, నాకు చెబుదువుగాని" అన్నాడు. ఆ చెయ్యి నాకింకా గుర్తుంది. లక్క కాలిన మచ్చలతో, గోళ్ళ సందుల్లో నల్లటి సిరాతో.

ఆ మాట ఊరికే అనలేదని 1989లో తెలిసింది. పదహారేళ్ళ నన్ను ఒక్కదాన్నే పొద్దున్నే రాజమండ్రి బండి ఎక్కించాడు. గోదావరి వంతెన దాటాలి, రేవు దాకా వెళ్ళి నీళ్ళు చూడాలి, ఇంటికి ఒక కార్డు రాసి డబ్బాలో వేయాలి, సాయంత్రం బండికి తిరిగి రావాలి. అంతే పని. నానమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. "అక్కడ ఎవరున్నారురా దానికి?" అంది. మేనత్తలు నాన్నకు మతి పోయిందన్నారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఒక చీటీ మీద నా పేరు, సత్యనారాయణపురం ఇంటి చిరునామా, కింద ఆరు గళ్ళు గీసి 520011 అని రాసి నా సంచిలో పెట్టాడు. "రోజూ వేల ఉత్తరాలు ఒంటరిగా వెళ్ళి చేరుతున్నాయి. చిరునామా సరిగ్గా ఉంటే చాలు, తల్లీ" అన్నాడు.

నేను అదే రాత్రి ఇంటికి చేరాను. కార్డు మూడో రోజున వచ్చింది. అందులో ఏం రాశానో ఆయన చదవనే లేదు. ముందు ముద్ర చూశాడు. తేదీ చూశాడు. "పడిన రోజే కదిలింది" అని సంబరపడ్డాడు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా ఇంటికి కార్డు వేయడం మా ఇద్దరి మధ్య ఒప్పందం. ద్వారక, రామేశ్వరం, తవాంగ్, లేహ్... అన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పిన్‌కోడ్ వరుసలో ఉన్నాయి. అరకు దాటిన ఈ దారి మాత్రం ఎందుకో మిగిలిపోయింది. అందుకే 2022 నవంబర్‌లో, ఆయనకు ఎనభై రెండేళ్ళు నిండాక, ఇక వాయిదా వేయకూడదని బయలుదేరాను. పిన్‌కోడ్ మొదటి అంకె ఆంధ్రలో 5, ఒడిశాలో 7, ఛత్తీస్‌గఢ్‌లో 4. ఒక్క పగటి ప్రయాణంలో మూడు అంకెలూ చూపించే బండి అది.

విశాఖలో అద్దాల బోగీ టికెట్టు ధర చూసి మామూలు బోగీ ఎక్కాను. పైకప్పు కూడా అద్దమే కావచ్చు, కానీ కిటికీ తెరుచుకోని బోగీకి అంత డబ్బు పోయడానికి నాకు మనసొప్పదు. శివలింగపురం దాటాక లోయ మీంచి వచ్చే తడి మట్టి వాసన, సొరంగం లోపలి చల్లటి రాతి గాలి ఆ ధరలో దొరకవు. ఘాట్ గురించి ఇంతకంటే రాయను, అందరికీ తెలిసిందే. శిమిలిగూడలో 996 మీటర్ల ఎత్తు చూపించే బోర్డు దగ్గర అందరూ ఎగబడి ఫొటోలు దిగారు. చిన్నప్పుడు నాన్న నన్నూ దాని కిందే నిలబెట్టాడు.

అరకు దాటాక బండి స్వభావమే మారిపోయింది. అరుపులు లేవు. రెండు వైపులా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి, మధ్యలో కోసిన వరి మడులు. ఎదుటి పెద్దాయన గోరాపూర్‌లో దిగుతూ, "జాగ్రత్తమ్మా, ఎవరూ లేని ఊరు" అని మరోసారి హెచ్చరించాడు.

పాడువాలో బండి ఆగింది. ఇక కదలదు. ఈ దారి మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్ పంపడానికి 1960లలో వేశారు. ఖనిజం బండి వస్తుంటే ప్రయాణికుల బండి పక్కకు తప్పుకోవాల్సిందే. గంట దాటింది. టీ లేదు, మంచినీళ్ళు వేడెక్కాయి. నాకు ఆకలితో చిరాకు మొదలైంది.

అప్పుడు ఎక్కింది ఆమె. అరవై ఏళ్ళుంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, మోకాలి కిందికి ఎత్తి కట్టిన చీర, నెత్తిన అల్లం గంప. గంప దించి నా కాళ్ళ పక్కనే పెట్టి కింద చతికిలబడింది. పక్కన చోటు చూపించినా పైకి రాలేదు. అల్లం అప్పుడే తవ్వినట్టుంది. ఎర్రమట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంది. వేళ్ళ చివరలు లేత గులాబీ రంగులో ఉన్నాయి. బోగీ అంతా ఒక్కసారిగా ఆ ఘాటు కమ్ముకుంది.

ఆమెది సగం తెలుగు, సగం ఒడియా. నాకు రెండో సగం రాదు. అయినా మొదటి ప్రశ్న అర్థం కాకపోవడానికేముంది? ఎక్కడికి? జగదల్‌పూర్. ఎవరున్నారు?

"ఎవరూ లేరమ్మా, ఊరుంది" అన్నాను, చిరాకు దాచుకుంటూ.

ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. దుంపల మట్టి బొటనవేలితో రాల్చుతూ చాలాసేపు ఆలోచించింది. నిజంగా నా సమస్యకు పరిష్కారం వెతుకుతున్నట్టు. ఖనిజం బండి అప్పుడే వచ్చింది. ఒక్కొక్క పెట్టె దడదడమంటూ పోతుంటే ఎర్రటి ధూళి కిటికీలోంచి లోపలికి వచ్చింది, ఆమె అల్లం మీద కొంగు కప్పింది. ఆ చప్పుడు ఆగాక తలెత్తి చెప్పింది.

"ఎవరూ లేని ఊరికి రాత్రిపూట ఎందుకు? కోరాపుట్‌లో దిగు. నేనున్నాను కదా."

ముప్పై మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు కొన్ని వందలమంది ఉంటారు. జాలిపడ్డారు, అనుమానించారు, బుద్ధులు చెప్పారు. ప్రశ్న అడిగి తనే జవాబై కూర్చున్న మనిషిని అంతకు ముందు చూడలేదు. నాకు గొంతు పట్టేసింది. ఆమె మాత్రం అన్నం ఉంటుందని, కోడలు మంచిదని, మర్నాడు ఇదే బండికి ఎక్కిస్తానని లెక్కలు చెప్పుకుంటూ పోయింది.

నేను దిగలేదు. జగదల్‌పూర్‌లో గది మాట్లాడుకున్నానని, బయానా కట్టేశానని ఏదో చెప్పాను. కోరాపుట్‌లో ఆమె గంప ఎత్తడానికి చెయ్యి వేశాను. దిగబోతూ ఒక దుంప నా ఒళ్ళో పడేసింది. డబ్బు తీస్తే చెయ్యి తోసేసింది. ప్లాట్‌ఫారం మీద జనంలో ఆ గంప కనిపించినంతసేపూ చూశాను. ఎనిమిది వందల రూపాయల బయానా కోసం ఒక ఇంటి అన్నం వదులుకున్నానన్న బాధ నాకింకా పోలేదు.

జయపురం దాటుతుంటే ఎండ వాలింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అంత ఉదారంగా విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ ఈ సంస్థానానికి రాజే. విశాఖలో చదువుకునే రోజుల్లో ఆయన పేరున్న కాలేజీ ముందు నుంచి రోజూ నడిచేదాన్ని, ఆయన ఊరు ఇంత దూరమని ఊహించలేదు.

జగదల్‌పూర్ చేరేసరికి చీకటి పడింది. ఆటోకు రెండు కిలోమీటర్లకు నూట యాభై గుంజారు. నేను ఫోనులో మాట్లాడుకున్న లాడ్జిలో, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకు గది ఇవ్వడం కుదరదన్నారు. ఆ మాట బయానా తీసుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చివరికి ఇంట్లో మగవాళ్ళ నంబరు ఇస్తే మాట్లాడి చూస్తామన్నాడు గల్లాపెట్టె దగ్గరి కుర్రాడు. దాదాపు యాభై ఏళ్ళు వచ్చిన నాకు! కోపంతో చేతులు వణుకుతుండగానే నాన్న నంబరు ఇచ్చాను. ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు. కుర్రాడు మాత్రం బుద్ధిగా "జీ, జీ" అంటూ విని, చివర్లో "చార్ నౌ చార్ జీరో జీరో ఏక్, వహీ" అన్నాడు. తాళం చేతికిచ్చాడు. అంత కోపంలోనూ నాకు నవ్వు ఆగలేదు. కూతురికి గది అడగడానికి ముందు ఆ ఊరి పిన్‌కోడ్ సరిచూసుకున్నాడు నాన్న.

మర్నాడు చిత్రకోట్ వెళ్ళాను. ఇంద్రావతి అంత వెడల్పున విరుచుకుపడే చోట నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. కానీ నా మనసు అక్కడ లేదు. మూడో రోజు పొద్దున్నే పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి కార్డు అడిగాను. ఇప్పుడు కార్డులెవరు రాస్తున్నారని గుమస్తా సొరుగులన్నీ వెతికి ఒక కట్ట తీశాడు. యాభై పైసలకు చిల్లర లేదు కనుక పది తీసుకున్నాను. అల్లం గంప కథంతా చిన్న అక్షరాలతో రాశాను. ముద్ర స్పష్టంగా వేయమని, మా నాన్న ఆర్.ఎం.ఎస్. మనిషని చెప్తే, ఆయన స్టాంపు ప్యాడ్ మీద రెండుసార్లు అద్ది, ఊపిరి బిగబట్టి నా ఎదురుగానే వేశాడు.

నేను ఇంటికి వచ్చిన ఐదు రోజులకు కార్డు వచ్చింది. నాన్న వరండాలో కుర్చీ వెలుతురు వైపు జరుపుకుని భూతద్దం తీశాడు. ముందు ముద్ర. తర్వాత తేదీ. "పర్వాలేదు" అన్నాడు. ఈసారి వెనక్కి తిప్పి రాసింది కూడా చదివాడు, రెండుసార్లు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను తెచ్చిన అల్లాన్ని అమ్మ అప్పటికే పగిలిన బకెట్టులో మట్టి పోసి పాతింది. ఆ బకెట్టు వైపు కాసేపు చూశాడు.

"కోరాపుట్‌లో దిగి ఉండాల్సింది" అన్నాడు.

"అవును నాన్నా."

"అయినా జగదల్‌పూర్ ఆఖరు కాదు కదా. దంతెవాడ ఉంది, బచేలి ఉంది, కిరండూల్ ఉంది. ఎందుకు వెళ్ళలేదు?"

భద్రత కోసమని ఆ వారం బండిని దంతెవాడలోనే ఆపేస్తున్నారని చెప్పాను. ఆయన తల ఊపాడు. మిగిలిన తొమ్మిది కార్డులూ అడిగి తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, పైదాని మీద మా చిరునామా రాయడం మొదలుపెట్టాడు. వణికే చేత్తో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె.

"ఈ వారం కిరండూల్ దాకా వెళ్తోందేమో కనుక్కో" అన్నాడు తలెత్తకుండానే.